కృపయా బర్గర్

టెంపో స్మృతి నగర్ మలుపులో ఆగింది. చిన్నమ్మలు దిగింది గాని ఆమె చీర కొంగు దిగలేదు. పక్కన కూర్చున్న పెద్దాయన గోధుమపిండి మూట కింద అది ఇరుక్కుపోయింది. ఆయన మూట ఎత్తి, కొంగు తీసి చేతికిచ్చి, హిందీలో ఏదో అన్నాడు. తిట్టాడో, జాలిపడ్డాడో ఆమెకు తెలియలేదు. ఏదైతేనేం అని తల ఊపింది. భిలాయిలో కాపురం పెట్టినప్పటి నుంచీ హిందీకి ఆమె ఇచ్చే జవాబు అదొక్కటే.

ఒంటరిగా టెంపో ఎక్కడం ఆమెకు ఇదే మొదలు. ఎక్కడికి వెళ్లినా గణపతిరావు స్కూటరు వెనక కూర్చుని, ఆయన వీపు చాటున చలిగాలి తగలకుండా వెళ్లి రావడమే తెలుసు. గణపతిరావు ఆమె భర్త. ప్లాంటులో రైలు పట్టాల మిల్లులో పని. మొన్నటి వానాకాలంలో ఒక పొద్దుట టీ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టాడు. మళ్లీ తీయలేదు. అంతే. పిల్లా జెల్లా లేని ఇల్లు. ఆ గ్లాసు కడిగి బోర్లించాక ఇంట్లో ఇక చేయడానికి పనే మిగల్లేదు.

ఇప్పుడు సెక్టర్ 2లో క్వార్టరు ఖాళీ చేయాలి. శ్రీకాకుళం పక్క పల్లెలో తమ్ముడు సింహాచలం ఉన్నాడు. మంచివాడు. "నువ్వు ఊఁ అను సాలప్పా, నానొచ్చి తీసుకొచ్చేస్తాను" అన్నాడు. ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తమ ఊరి కిరాణా కొట్టు ఫోను దగ్గర కూర్చుంటానని, రమ్మంటే రేపే టికెట్టు తీయించుకుంటానని కబురు పెట్టాడు.

ఇంకో పిలుపు కూడా ఉంది. అది ఒకప్పటి పక్కింటి కృపమ్మది, ఇప్పుడు స్మృతి నగర్‌లో ఉంటోంది. గణపతిరావు పోయిన కొత్తలో వచ్చి, చేతులు పట్టుకుని చెప్పింది: "మా ఎనకగది ఖాళీగా ఉన్నాది. తలుపు నీది, తాళం నీది. వొచ్చీయే."

మనసులో మాట అడిగితే చిన్నమ్మలుకు ఈ ఊరు విడవాలని లేదు. ఆయన తిరిగిన రోడ్లు ఇవే. సైరన్ మోగితే లేచి పొయ్యి వెలిగించడం ఒంటికి అలవాటైపోయింది. కాని ఎలా ఉండడం? వాళ్ల వీధి నిండా తెలుగువాళ్లే. కూరలమ్మే ఆవిడ కూడా వంకాయని వంకాయనే అనేది. వీధి దాటిన మాటంతా గణపతిరావు మాట్లాడేవాడు. ఆయన పోయాక ఒక ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. కిటికీ అవతల మనిషి "పతి కా నామ్?" అని అడిగాడు. నామ్ అంటే పేరని ఆమెకు తెలుసు. భర్త పేరు నోటితో పలికే అలవాటు లేదు, ఆ మాట హిందీలో చెప్పడం అంతకంటే రాదు. అతను మర్యాదగానే మళ్లీ అడిగాడు, మళ్లీ అడిగాడు. ఆమె తల ఊపింది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. ఇంటికొచ్చి తలుపేసుకుంది. నోరు లేని మనిషికి ఈ ఊరు కాదని ఆ రోజే అనుకుంది.

అందుకే తమ్ముడికి రమ్మని చెప్పేద్దామని నిశ్చయించుకుని బయల్దేరింది. ఫోను బూతు సెక్టర్ 2లోనూ ఉంది. కాని కృపమ్మకు ముఖాముఖి చెప్పకుండా పోతే ఆవిడ శ్రీకాకుళం దాకా వచ్చి తిట్టగలదు.

కృపమ్మ నోరు అలాంటిది. భీమిలి పక్క పల్లె ఆవిడది. పదహారేళ్లకు కొర్నేలిని పెళ్లాడి దుర్గ్ స్టేషన్లో దిగినప్పుడు ఆవిడకూ హిందీ ఒక్క ముక్క రాదు. నేర్చుకున్నది కొళాయి దగ్గర. పొద్దున్నే బిందెల వరుసలో ఎవరేం తిడితే అది ఇంటికొచ్చి గోడకు ఎదురుగా నిలబడి వల్లించేది. మర్నాడు అదే తిట్టు తిరిగి వాళ్లకు అప్పజెప్పేది. ఏడాది తిరిగేసరికి తిట్లన్నీ వచ్చేశాయి, రెండో ఏడు మంచిమాటలు నేర్చుకుంది. చిన్నమ్మలు కాపురానికి వచ్చిందీ ఆ రెండో ఏడే. రెండు క్వార్టర్లకు మధ్య పెరటిగోడ ఒకటే. ఆ గోడ మీద నుంచి గిన్నెలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచేవి. ఒకసారి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ "అమారీ భాజీ, అమారీ భాజీ" అని అరుస్తూ వెళ్తుంటే కృపమ్మ గంపలోకి తొంగి చూసి, "ఓలమ్మో, గోంగూరే!" అని కెవ్వుమని, ఆ ముసలమ్మను గంపతో సహా వాటేసుకుంది. ముసలమ్మ దొంగలు పడ్డారనుకుని కేకలేసింది.

ప్లాంటులో చాలామందిని రిటైర్మెంటుకు ముందే ఇంటికి పంపేస్తున్న రోజుల్లో కొర్నేలి కూడా పని వదిలి, స్మృతి నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో కూర్చున్న మగాడు కృపమ్మకు కంట్లో నలుసు. ఆ రోజుల్లోనే ఎవరో అద్దాల కొట్టులో బర్గర్ అని కొనిచ్చారు. ఒక ముక్క కొరికి, "ఇదేటి, ఆస్పత్రి పథ్యంలాగ చప్పగా ఏడిసినాది!" అంది. అక్కడితో ఊరుకుంటే కృపమ్మ ఎందుకవుతుంది? ఇంటికొచ్చి బన్నుకు వెన్న రాసి పెనం మీద కాల్చింది. శనగపప్పు రుబ్బి వడను అరచేయంత వెడల్పుగా, బల్లపరుపుగా తట్టి వేయించింది. బన్ను మధ్యలో ఆ వడ పెట్టి, కింద గోంగూర పచ్చడి, పైన ఉల్లిపాయ చక్రం వేసి కొర్నేలి నోటికి అందించింది. కొర్నేలి తిని మాట్లాడకుండా లేచి వెళ్లి, తోపుడుబండి బేరం చేసుకొచ్చాడట.

చిన్నమ్మలుకు ఇదంతా విని తెలిసిందే గాని బండి ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కనపడింది. ఫోను బూతుకు పక్కనే, ఆకుపచ్చ రంగు బండి. పైన హిందీ అక్షరాల పలక. చలికాలపు పొద్దు తొందరగా వాలుతోంది. పెనం మీద నుంచి లేచే పొగలో కృపమ్మ ఎర్ర స్వెట్టరు మెరుస్తోంది.

"ఓహో, మరదలా! దారి తప్పినావేటి?" అని కొర్నేలి బెంచీ తుడిచాడు.

"నేదు బావా. అప్పని సూద్దామనొచ్చినాను. ఆ పలక మీద ఏటి రాసుంది?"

"అదొక గొప్ప కథ. కృపా బర్గర్ అని రాయమన్నానా? పెయింటరు ఆఫీసులకి పలకలు రాసే బాపతు. 'కృపయా ఇక్కడ ఉమ్మరాదు, కృపయా నిశ్శబ్దం' అని రాసి రాసి చెయ్యి అటే పోయింది. కృపయా బర్గర్ అని రాసీసినాడు. కృపయా అంటే దయచేసి. దయచేసి బర్గర్! ఇప్పుడు ఊరంతా అదే పేరు. మార్చుదామంటే మీయప్ప ఒప్పుకోదు. జనం దండం పెట్టి అడుగుతున్నట్టుందట."

కృపమ్మ చిన్నమ్మలును చూసి రెండు చేతులూ చాచింది. నోరు పెద్దగా తెరిచింది. మాట రాలేదు. గాలి మాత్రం వచ్చింది.

"ఏటయినాది అప్పకి?" చిన్నమ్మలు కంగారుపడింది.

"ఏటవ్వాలి? క్రిస్మస్ కేరల్స్! సెక్టర్ సెక్టరూ తిరిగి, మంచులో ఇంటింటికీ పాడినాది. పక్కావిడ రాగం తీస్తే ఈవిడ తగ్గుద్దేటి? గొంతు కాస్తా పోనాది. మా ఇంట్లో ఇప్పుడెంత ప్రశాంతమో! అనకూడదు గాని, మళ్లీ కొత్తగా పెళ్లయినట్టుంది."

కృపమ్మ అట్లకాడతో అతని భుజం మీద ఒకటి వేసింది. కొర్నేలి నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు.

చిన్నమ్మలు, ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని, చెప్పేసింది. "అప్పా, నాను ఎల్లిపోతన్నాను. తమ్ముడొస్తన్నాడు. పక్క బూతు నుంచే ఫోను సేసి రమ్మని సెప్పేస్తాను."

ఎదుటి మనిషి మాట పూర్తి కానివ్వని కృపమ్మ, నోరు అవసరమైన ఈ ఒక్క పూటా నోరు లేక నిలబడిపోయింది. కళ్లు ఇంతింతయ్యాయి. వంగి చిన్నమ్మలు చెవిలో గాలి ఊదింది. "ఎందుకే?"

"హిందీ రాదప్పా నాకు. ఆయనే కదా నా నోరు. ఆయన్లేని ఊళ్లో మూగదాన్లాగ ఏటుండను?"

కృపమ్మ తన గొంతు మీద వేలు పెట్టుకుంది. తర్వాత అదే వేలితో చిన్నమ్మలు నోటిని చూపించింది. ఎవరు మూగో చూడవే అన్నట్టు భుజాలు కదిలిపోయేలా నవ్వింది. చప్పుడు లేని ఆ నవ్వు చూస్తే చిన్నమ్మలుకు ఏడవాలో ఏం చేయాలో తెలియలేదు.

ఇంతలో కొర్నేలి బన్నుల గంప వంచి చూసి నాలుక కరుచుకున్నాడు. "ఉన్నవి జనరల్ షిఫ్టు వాళ్లకి సరిపోవు. బేకరీకి ఎల్లొస్తాను. మరదలా, కాసేపు అప్ప పక్కన నిలబడు. నువ్వేం మాట్లాడక్కర్నేదు. ఆవిడ కాల్చుద్ది, నువ్వు పచ్చడి రాసి చేతికందియ్యడమే. ఈ డబ్బాలో గోంగూర, అది అందరికీ. ఎర్ర మూత డబ్బా వెల్లుల్లి కారం. అది మనోళ్లు అడిగితేనే, అడిగినా అర చెంచానే. మొన్న నేనే తిని ఎక్కిళ్లు తెచ్చుకున్నాను." అని స్కూటరు తన్ని వెళ్లిపోయాడు.

అతను మలుపు తిరిగాడో లేదో, ప్లాంటు నుంచి వచ్చేవాళ్లు సైకిళ్లతో బండిని చుట్టేశారు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. చిన్నమ్మలు కాళ్లు వెనక్కి పడ్డాయి. కృపమ్మ ఆమె నడుం పట్టుకుని ముందుకు నెట్టి, చెవిలో ఊదింది. "పాంచ్ మినట్ అని సెప్పు."

"పాంచి మినట్టు," అంది చిన్నమ్మలు. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

వాళ్లు నవ్వారు. ఆఫీసులో విన్న నవ్వులా లేదు అది. ఒకతను చేయెత్తి, "ఠీక్ హై దీదీ, పాంచి మినట్టు!" అని ఆమెలాగే అన్నాడు.

కృపమ్మ వెనక్కి తిరిగి వడలు నూనెలో వేయడంలో పడింది. నూనె చిటపటలాడుతోంది. చిన్నమ్మలు బన్నులు విప్పి గోంగూర రాస్తోంది. ముందు వరుసలో ఒక మనిషి, నడివయసు, తలకు మఫ్లరు, ఒంటి మీద నీలం చొక్కా. పేరు సాహూ. ఉతై ఊరి నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ ప్లాంటుకు వచ్చే మనిషి, ఇక్కడ చెల్లెలి ఇంటికి వెళ్తూ ఆగాడు. చలికి చేతులు రుద్దుకుంటూ అడిగాడు. "గరమ్ హై నా, దీదీ?"

చిన్నమ్మలు ముఖం విప్పారింది. ఆ గుంపు మాటల్లో మొదటిసారి ఒకటి ఆమెకు అర్థమైంది.

"కారమా?" అంది.

"హా, హా! గరమ్!"

"కారమేనా?" ఎందుకైనా మంచిదని మళ్లీ అడిగింది.

"ఏక్‌దమ్ గరమ్!"

ఏక్‌దమ్ ఆమెకు తెలుసు. గణపతిరావు కూర బాగుంటే అనేవాడు, ఏక్‌దమ్ బాగుందని. పాపం, వీళ్లూ మనలాగే కారం తింటారన్నమాట, మనం ఊరికే అనుకుంటాం అనుకుని ఎర్ర మూత తీసింది. ఏక్‌దమ్ అన్నాడు కాబట్టి నిండు చెంచాలు రెండు. పక్కవాడు, "మేరా భీ గరమ్," అన్నాడు. వాడికీ రెండు. మూడోవాడు ఏమీ అనలేదు గాని వాడిని తక్కువ చేయడం బాగుండదని వాడికీ వేసింది.

కృపమ్మ అప్పుడు చూసింది. అరవబోయింది. గాలి వచ్చింది. అట్లకాడతో పెనం అంచు మీద టంగుటంగున కొట్టింది. తొందరపెడుతోందని చిన్నమ్మలు అనుకుంది. "అయిపోనాదప్పా, అయిపోనాది" అని చేయి వేగం పెంచి ఇంకో నాలుగింటికి రాసేసింది.

సాహూ కొరికాడు. నమిలాడు. మింగాడు. మఫ్లరు విప్పాడు. ఆ తర్వాత అతని రెండు కళ్ల నుంచీ నీళ్లు ధారగా దిగాయి.

చిన్నమ్మలు చూసింది. ఏ మాటా చెప్పకుండా నిలబడి ఏడ్చే మనిషి ఎలా ఉంటాడో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. చేతిలో చెంచా వదిలేసి బండి చుట్టూ తిరిగి వచ్చేసింది.

"ఓలమ్మ! ఏటయినాది నాయినా? ఇంట్లో ఎవులైనా పోనారేటి?"

సాహూ నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నాడు. మాట రావడం లేదు. అయ్యో, మాట కూడా పడిపోయింది, తనకు అయినట్టే అయిందనుకుని ఆమె అతని చెంపలు రెండు చేతులతో తుడిచింది. ఆ చేతుల నిండా వెల్లుల్లి కారం. సాహూ ఎగిరి గంతేశాడు. "ఊరుకో నాయినా, ఊరుకో" అంటూ ఆ చేతులతోనే తన కళ్లూ తుడుచుకుంది.

ఇక చూడాలి. వానాకాలం నుంచి ఎవరి ముందూ రాని కన్నీళ్లు ఒక్కపెట్టున వచ్చిపడ్డాయి. బుగ్గల మీద, మెడ మీద, జాకెట్టు మీద. ఏడుపు కారానిదో, కడుపులోదో ఆమెకే తెలియదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గుక్కపట్టి ఏడుస్తుంటే, మిగతా ఆరుగురూ ముక్కులు చీదుతూ, కాళ్లు నేలకేసి కొడుతూ బండి చుట్టూ తిరుగుతున్నారు. అటుగా పోతున్న ఒక పెద్దావిడ ఆగి, ఎవరు పోయారో ఏమోనని చేతులు జోడించి దండం పెట్టి మరీ వెళ్లింది.

కృపమ్మ నీళ్ల బకెట్టుతో వచ్చి ఇద్దరి ముఖాల మీదా చెరో చెంబెడు కొట్టింది. తర్వాత, మూడు రోజులుగా కరువైన గొంతును ఎక్కడి నుంచి పీక్కొచ్చిందో గాని, తలుపు బందు కీచుమన్నట్టు అరిచింది.

"గరమంటే వేడే! వేడి! కారం కాదే నా తల్లీ!"

అందరూ ఆగిపోయారు.

"వేడా?" అంది చిన్నమ్మలు, కళ్లు నులుముకోబోయి, చేతులు వెనక్కి తీసుకుని. "కారం కాదేటి?"

గుంపులో మనోజ్‌కుమార్ అని ఒక తెలుగు కుర్రాడున్నాడు. ప్లాంటులో కొత్తగా చేరాడు. పుట్టింది ఇక్కడే కావడంతో తెలుగు వాడి నోట్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది. వాడు పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పాడు. "ఆంటీ, సాహూజీ ఏడవటం లేదు. ఆయనకి మిర్చీ లగ్ గయీ. వేడిగా ఉందా అని పూఛా, మీరు కారం కావాలా అని సునా!" అదే సంగతి హిందీలో మిగతావాళ్లకూ చెప్పాడు.

అందరి కళ్లూ ఆమె మీదికి తిరిగాయి. చిన్నమ్మలుకు మళ్లీ ఆ కిటికీ, ఆ వరుస కళ్ల ముందుకొచ్చాయి. తల ఊపబోయింది.

సాహూ ముఖం తుడుచుకుని, చేతిలో మిగిలిన ముక్కను పైకెత్తి చూసి, నోట్లో వేసుకున్నాడు. మళ్లీ నీళ్లు కారాయి. అయినా ఖాళీ కాగితం ముందుకు చాపాడు. "గజబ్ మిఠాథే, దాయీ! అఉ దే!"

"మిఠాయంటాడేటి?" చిన్నమ్మలు మరీ బెదిరిపోయింది. "ఓలమ్మ, ఆ కారానికి నాలిక సచ్చిపోనాదేటి ఈ బాబుకి?"

మనోజ్‌కుమార్ రోడ్డు మీద కూర్చుండిపోయాడు. "మిఠాయి కాదు ఆంటీ! మిఠాథే. ఛత్తీస్‌గఢీ. చాలా రుచిగా ఉందంటున్నాడు. ఇంకోటి ఇమ్మంటున్నాడు. దాయీ అంటే అమ్మ."

ఆ మాటకు చిన్నమ్మలుకు నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి వచ్చింది. తర్వాత ఆపుకోలేక బండి కర్ర పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వు చూసి కృపమ్మ, గాలి తప్ప చప్పుడు లేకుండా, వంగి వంగి నవ్వింది. సాహూ ఏడుస్తూనే నవ్వాడు. నవ్వెందుకో తెలియని వాళ్లు కూడా వాళ్లను చూసి నవ్వారు.

"దాయీ, వహీ దో. క్యా బోలే? ఖారమ్!" అని అదే ఇమ్మన్నాడొకడు.

"ఖారం కాదు. కారం," అంది చిన్నమ్మలు. ఎప్పుడు బండి వెనక్కి వెళ్లిందో, ఎప్పుడు చెంచా అందుకుందో ఆమెకే తెలియదు. "కా. కారం."

"కారమ్!"

"ఆఁ, అద్దీ!"

ఆ తర్వాత వచ్చిన వాళ్లను ఆమే అడిగింది, కృపమ్మ ఏమీ ఊదకముందే. "గరమా? కారమా?" అడిగిన వాళ్లకు మొదట అర్థం కాలేదు. ముందు తిన్నవాళ్లు వెళ్లిపోకుండా పక్కన నిలబడి, కొత్తవాళ్లకు చెప్పసాగారు. చెప్పడమేమిటి, రెచ్చగొట్టారు. గరమ్ అడిగినవాడిని చిన్నపిల్లాడి కింద జమకట్టారు. దాంతో మీసాలున్న ప్రతివాడూ కారమే అన్నాడు. చిన్నమ్మలు మాత్రం ఈసారి తెలివి తెచ్చుకుని, మనిషిని చూసి, వయసును చూసి, అర చెంచా, పావు చెంచా రాసింది. ఒక ముసలాయన కారమ్ అని గట్టిగా అడిగితే, ముఖంలోకి చూసి, "నీకొద్దు తాతా, కడుపులో మంటెత్తుద్ది. గోంగూర తిను" అని తెలుగులోనే కసిరింది. ఆయనకు ఏం అర్థమైందో, బుద్ధిగా తల ఊపి గోంగూరదే తీసుకున్నాడు.

కొర్నేలి బన్నులతో తిరిగొచ్చేసరికి బండి కనపడలేదు, జనం కనపడ్డారు. స్కూటరు స్టాండు వేయడం మరిచిపోయి నిలబడ్డాడు. "నానెల్లింది బేకరీకా, బొంబాయికా? ఇంతట్లో ఏటి జరిగినాది? ఎవులీ మనిషి? ఎందుకేడుస్తన్నాడు?"

"అది సంతోషం బావా," అంది చిన్నమ్మలు. "బన్నులు బేగి తే."

షిఫ్టు జనం పలచబడ్డారు. సాహూ చెల్లెలి కోసమని ఇంకొకటి పొట్లం కట్టించుకుని, దాయీకి దండం పెట్టి సైకిలెక్కాడు. ఎర్ర మూత డబ్బా అడుగు కనపడింది. కృపమ్మ ఆఖరి బన్నును కోసి, కాల్చి, డబ్బా గోకి ఉన్నదంతా రాసి చిన్నమ్మలు చేతిలో పెట్టింది. ఎదురుగా కూర్చుంది, తింటుందా తినదా అని.

చిన్నమ్మలు కొరికింది. వానాకాలం నుంచి ఆమె తిండి తినలేదు, కడుపులోకి తోసింది, అంతే. ఇప్పుడు వడ కరకరలాడింది. గోంగూర పులుపు చెవుల వెనక దాకా పాకింది. దాని వెనకే కారం వచ్చి నాలుకను పట్టుకుంది. వేడి, కారం, రెండూ. "అబ్బ" అంది. రెండో ముక్కకు మాట లేదు. వేళ్లు కూడా నాకింది.

వీధి దీపాలు వెలిగాయి. కృపమ్మ ఫోను బూతు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. ఈసారి చెవిలో ఏమీ ఊదలేదు. పెనం మీద నీళ్లు చల్లి, అవసరం లేకపోయినా గట్టిగా తోముతోంది. కొర్నేలి కూడా జోకులు మానేసి ఉల్లిపాయ తొక్కలు ఏరుతున్నాడు.

చిన్నమ్మలు చేతులు రెండుసార్లు కడుక్కుని బూతులోకి వెళ్లింది. బూతు మనిషి ఏదో అడిగాడు. ఆమె తల ఊపలేదు. "శ్రీకాకుళం" అంది. ఇంకేదో అడిగాడు. "శ్రీకాకుళం భయ్యా, మా తమ్ముడు" అని చీటీ చూపించింది. అతను నంబరు తిప్పి రిసీవరు చేతికిచ్చాడు.

"అప్పా! ఎప్పట్నించి సూస్తన్నాను! టికెట్టు తీయమంటావా?" అటు నుంచి సింహాచలం గొంతు కొట్టులోని గోలతో కలిసి వచ్చింది.

"తియ్యిరా. రా. నాలుగు రోజులుండి ఎల్లు."

"ఉండడానికేటి, నిన్ను తీసుకురావడానికొస్తన్నాను కదా."

"సామాన్లు మొయ్యడానికి మనిషి కావాల. కృపప్ప ఇంటి ఎనకగదిలోకి."

"ఏటంతన్నావప్పా? బావ నేడు. నీకు హిందీ రాదు. ఆ ఊళ్లో ఒక్కదానివీ ఎలాగుంతావు?"

"నాకు రాకపోతే ఏటిరా? ఆళ్లు తెలుగు నేర్చుకుంతన్నారు. ఇయ్యాల ఒక మాటొచ్చినాది."

"ఎవుళ్లు నేర్చుకుంతన్నారు? ఏం మాట? అప్పా, నీకు జొరం గాని వొచ్చినాదేటి?"

"జొరం కాదురా. బర్గర్ తిన్నాను."

"ఏటి తిన్నావు?"

"బర్గరు."

అటు సింహాచలం గొంతు తగ్గింది. కొట్టులో పక్కనున్న వాళ్లనెవరినో అడిగినట్టున్నాడు. వాళ్లకూ తెలిసినట్టు లేదు. మళ్లీ ఫోను దగ్గరకొచ్చి, కోపం మరిచిపోయి, చిన్నప్పటి గొంతుతో అడిగాడు. "బర్గరంటే ఏటప్పా?"

బూతు అద్దంలోంచి కృపమ్మ ఎర్ర స్వెట్టరు కనపడుతోంది. పెనం తోమడం ఆపి, చెవులు ఇటే పెట్టి నిలబడింది. చిన్నమ్మలు రిసీవరును రెండో చెవికి మార్చుకుని, గోడకు ఆనుకుని, తీరిగ్గా నిలబడింది.

"సెప్తాను, ఇను. ముందు బన్ను కోస్తాం..."